ఎముక కణాలు: వృద్ధి కారకాలు, యాంత్రిక బలాలు, నల్గొండ ఫ్లోరోసిస్

జీవకణానికి బయటి నుంచి రెండు రకాల కబుర్లు అందుతాయి. మొదటిది రసాయనం. పక్క కణమో, ఎక్కడో దూరాన ఉన్న గ్రంథో విడిచిన ప్రోటీన్ వచ్చి కణం పైపొరను తాకుతుంది. పెరగమని, రెండుగా చీలమని, ఫలానా రకం కణంగా మారమని చెప్పే ఇలాంటి ప్రోటీన్లను వృద్ధి కారకాలు అంటారు. రెండోది బలం. లాగడం, నొక్కడం, సాగదీయడం, పక్కనుంచి ద్రవం రాసుకుంటూ పోవడం అన్నీ దీని కిందికే వస్తాయి. మొదటిదాన్ని జీవరసాయన శాస్త్రజ్ఞులు, రెండోదాన్ని ఇంజనీర్లు, ఎముకల వైద్యులు చాలాకాలం ఎవరికి వారుగా చదువుకున్నారు. కణానికి మాత్రం ఆ గోడ లేదు. రెండు కబుర్లూ లోపల ఒకే తీగలమీదుగా నడుస్తాయి.

పార పట్టిన చేతులు కాయలు కాయడం అందరూ చూసేదే. అరచేతి చర్మంలో అడుగు వరుస కణాలు పదేపదే రాపిడికి గురై, మామూలు కంటే వేగంగా విభజన చెంది, పైకి గట్టి పొరలు పేరుస్తాయి. పని మానేసిన కొన్ని వారాలకు కాయలు మెత్తబడతాయి. బలాన్ని కణం పసిగడుతుందనడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం అక్కర్లేదు. ఎముకలోనూ ఇదే జరుగుతుంది, కాకపోతే పైకి కనిపించదు. కనిపించేసరికి ఆలస్యమవుతుంది. ఉమ్మడి నల్గొండ జిల్లాకు ఇది అనుభవంలో ఉన్న సంగతి.

ఈ వ్యాసం ఎముక కణాన్నే ప్రధానంగా తీసుకుంటుంది. పెరగమనే కబురు, బలం చెప్పే కబురు ఒకదానికొకటి దూరమైతే ఏమవుతుందో తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైన ఊళ్ళలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించలేదు.

వృద్ధి కారకాలు

ఇటలీలో పుట్టిన రీటా లెవీ మోంటాల్చినీ నాడీకణాలను పెంచే కారకాన్ని 1950లలో అమెరికాలో గుర్తించారు. ఆమెతో కలిసి పనిచేసిన స్టాన్లీ కోహెన్, అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు లాలాజల గ్రంథి సారం ఎక్కించి చూస్తే వాటి కళ్ళు వేళకు ముందే తెరుచుకున్నాయి, పళ్ళు ముందే వచ్చాయి. ఆ వింతను పట్టుకుని పోతే దొరికింది చర్మకణాలను పెంచే కారకం, 53 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. ఇద్దరికీ 1986లో నోబెల్ బహుమతి వచ్చింది.

కారకం కణంలోకి వెళ్ళదు. కణం పైపొరలో అటూ ఇటూ పొడుచుకుని నిలబడిన గ్రాహకానికి బయటివైపు అంటుకుంటుంది. అంటుకోగానే రెండు గ్రాహకాలు జతకట్టి, లోపలివైపు తోకలమీద ఉన్న టైరోసిన్ అనే అమైనో ఆమ్లాలకు ఒకదానికొకటి ఫాస్ఫేట్ తగిలించుకుంటాయి. ఆ ఫాస్ఫేట్లను ఆనవాలుగా పట్టుకుని లోపలి ప్రోటీన్లు వచ్చి చేరతాయి. ఒకటి మరొకదాన్ని, అది ఇంకొకదాన్ని ఉసిగొల్పుతూ కబురు కేంద్రకం దాకా పోతుంది. ఈ వరుసల్లో బాగా తెలిసినది మ్యాప్ కైనేజ్ వరుస. తగిలించిన ఫాస్ఫేట్‌ను ఊడదీసే ఎంజైములు కూడా కణంలో ఉంటాయి. వాటిని ఫాస్ఫటేజులు అంటారు. కబురు ఎంతసేపు మోగాలో తేల్చేది అవే. ఈ సంగతిని పాఠకుడు కాస్త గుర్తుపెట్టుకోవాలి, ఫ్లోరైడ్ దగ్గర మళ్ళీ అవసరపడుతుంది.

ఎముకకు సంబంధించిన కారకాలు చాలా ఉన్నాయి. ఇన్సులిన్‌ను పోలిన వృద్ధి కారకం, ఫైబ్రోబ్లాస్ట్ వృద్ధి కారకాలు, టీజీఎఫ్ బీటా, ఎముకను పుట్టించే బీఎంపీలు వాటిలో ముఖ్యం. చివరివాటి ఉనికిని మార్షల్ యూరిస్ట్ 1965లో బయటపెట్టారు. ఖనిజం తీసేసిన ఎముక ముక్కను కండరంలో పాతిపెడితే అక్కడ కొత్త ఎముక మొలిచింది. పేర్లు చూసి మోసపోకూడదు. ఫైబ్రోబ్లాస్ట్ వృద్ధి కారకపు మూడో గ్రాహకం పిల్లల ఎముకల్లో బ్రేకులాగా పనిచేస్తుంది. దానిలో మార్పు వల్ల బ్రేకు ఎప్పుడూ పట్టే ఉండిపోతే మరుగుజ్జుతనం వస్తుందని 1994లో తేలింది. వృద్ధి కారకమన్నంత మాత్రాన అన్నిచోట్లా వృద్ధే జరగదు.

బలాన్ని పసిగట్టే తీరు

కణం చుట్టూ కొల్లాజెన్ వంటి పోగుల అల్లిక ఉంటుంది. కణం దాన్ని ఇంటిగ్రిన్లు అనే ప్రోటీన్లతో పట్టుకుంటుంది. ఇంటిగ్రిన్ బయట అల్లికను, లోపల టాలిన్ అనే ప్రోటీన్ ద్వారా కణపు ఆక్టిన్ తాళ్ళను పట్టుకుని మధ్యలో కొక్కెంలా ఉంటుంది. తాళ్ళను కణం ఊరికే వదిలెయ్యదు, ఎప్పుడూ లాగి చూస్తూనే ఉంటుంది. బయటి అల్లిక గట్టిదైతే టాలిన్ సాగి, మడతలు విప్పుకుని, లోపల దాగిన భాగాలను బయటపెడుతుంది. వెంటనే విన్‌క్యులిన్ వచ్చి అక్కడ అతుక్కుని కొక్కేన్ని బిగిస్తుంది. మెత్తటి అల్లికలో ఇదేమీ జరగదు. బురదలో గుంజ పాతితే తాడు బిగియదు కదా.

ఈ బిగువు కణం తలరాతనే మారుస్తుంది. మెదడంత మెత్తని జెల్‌మీద పెంచిన మూలకణాలు నాడీకణాల పోలిక తెచ్చుకున్నాయి. కండరమంత బిగువైన జెల్‌మీద కండర కణాల వైపు, ఇంకా గట్టిదానిమీద ఎముక కణాల వైపు మళ్ళాయి. ఆడమ్ ఎంగ్లర్, షామిక్ సేన్, డెన్నిస్ డిషర్ బృందం 2006లో చూపిన ఈ ఫలితం ఈ రంగాన్నే మలుపు తిప్పింది. గట్టిదనం కబురును కేంద్రకంలోకి మోసేవి యాప్, టాజ్ అనే ప్రోటీన్లని 2011లో ఇటలీ పరిశోధకులు కనుగొన్నారు.

కణం పైపొరలోనే బలానికి తెరుచుకునే తలుపులూ ఉన్నాయి. పైపొర సాగితే పీజో అనే మార్గాలు తెరుచుకుని కాల్షియం లోపలికి వస్తుంది. ఆర్డెమ్ పటపూటియన్ బృందం 2010లో కనిపెట్టిన ఈ పీజోలకు 2021 నోబెల్‌లో వాటా దక్కింది.

రెండు కబుర్లూ కలిసే చోటు

వృద్ధి కారకం నిండుగా ఉన్న ద్రవంలో, అతుక్కుని బతికే కణాన్ని తేలనిస్తే అది పెరగదు. చాలా రకాల కణాలైతే చనిపోతాయి కూడా. ఏదో ఒకదాన్ని పట్టుకుని నిలబడితేనే పెరగమన్న మాట చెవికెక్కుతుంది. 1997లో క్రిస్టఫర్ చెన్, డొనాల్డ్ ఇంగ్బర్ తదితరులు దీన్ని అందంగా నిరూపించారు. కణం అతుక్కునే జిగురు చుక్కల మొత్తం వైశాల్యం మార్చకుండా, వాటిని దగ్గరగానో దూరంగానో అచ్చు వేశారు. చుక్కలు దూరంగా ఉన్నచోట కణం సాగి పరుచుకుని బతికింది, విభజన చెందింది. దగ్గరగా ఉన్నచోట గుండ్రంగా ముడుచుకుని చచ్చిపోయింది. రెంటికీ అందిన వృద్ధి కారకం ఒకటే.

అసలు వృద్ధి కారకం లేకుండానే దాని గ్రాహకాన్ని బలం తట్టి లేపగలదు. రక్తనాళాల లోపలి కణాలమీద నెత్తురు రాసుకుంటూ పోతుంటే, రక్తనాళాలను పెంచే కారకానికి చెందిన గ్రాహకం ఆ కారకం అంటుకోకపోయినా మేల్కొంటుందని తెలిసింది. ఇంకోవైపు టీజీఎఫ్ బీటా కణాల చుట్టూ ఉన్న అల్లికలో సంచిలో కట్టిపెట్టినట్టు నిద్రాణంగా ఉంటుంది. ఇంటిగ్రిన్లు ఆ సంచిని లాగితేనే అది విడుదలవుతుంది. అంటే బలమే వృద్ధి కారకాన్ని వడ్డిస్తుంది. క్యాన్సర్ గడ్డ చేతికి గట్టిగా తగలడం వెనుక కూడా ఇటువంటి మేళవింపు ఉంది. గట్టిపడిన అల్లిక ఇంటిగ్రిన్లను గుంపు చేసి, వృద్ధి కారకాల మాటను గట్టిగా మోగిస్తుంది.

హైదరాబాద్ గోపన్‌పల్లిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ కేంద్రంలో తమాల్ దాస్ ప్రయోగశాల ఈ రంగంలోనే పనిచేస్తోంది. కణాలు గుంపుగా కదిలేటప్పుడు ముందున్న కణం లాగుడును వెనుక కణం ఎలా అర్థం చేసుకుంటుందన్నది దాస్ 2015లో ప్రచురించిన పరిశోధన విషయం. లాగుడు పడగానే మెర్లిన్ అనే ప్రోటీన్ కణాల అంచునుంచి లోపలికి జరిగి, వెనుక కణం ఎటు కాలు చాపాలో నిర్ణయిస్తుందని ఆ పరిశోధన చూపింది.

ఎముక: రోజూ కూల్చి కట్టే ఇల్లు

ఎముకను రాయిలా తలుస్తాం గానీ పెద్దవాళ్ళ అస్థిపంజరంలో ఏటా దాదాపు పదో వంతు కొత్తగా మారుతుంది. కూల్చేవి ఆస్టియోక్లాస్టులు, కట్టేవి ఆస్టియోబ్లాస్టులు. ఈ రెండు ముఠాలకూ మేస్త్రీలు ఆస్టియోసైట్లు. ఎముక కణాల్లో నూటికి తొంభై పైగా ఇవే. కట్టిన గోడలోనే తాము చిక్కుబడిపోయి, సన్నని కాలువల్లోంచి చేతులు చాపి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి.

నడిచేటప్పుడు, బరువెత్తేటప్పుడు ఎముక కంటికి కనిపించనంత వంగుతుంది. ఎంత గట్టి పనిలోనైనా సాగేది వెయ్యిలో మూడు వంతులకు మించదు, అంటే మూరెడు పొడవు ఎముకలో మిల్లీమీటరు, ఒకటిన్నర. ఆ వంపుకు కాలువల్లోని ద్రవం అటూ ఇటూ పారుతుంది. ఆ పారుదలను ఆస్టియోసైట్లు పసిగడతాయి. పని తగిలిన చోట స్క్లెరోస్టిన్ అనే ప్రోటీన్ తయారీ తగ్గిస్తాయి. ఎముక కట్టడాన్ని ఆపే ప్రోటీన్ అది. అది తగ్గితే ‘వింట్’ అనే వృద్ధి సంకేతాలకు అడ్డు తొలగి, సరిగ్గా ఆ చోటే కొత్త ఎముక పడుతుంది. ఎంత కట్టాలన్నది వృద్ధి సంకేతం లెక్క. ఎక్కడ కట్టాలన్నది బలం గీసిన ముగ్గు.

ఎముక తన మీద పడే భారానికి తగ్గట్టు రూపం మార్చుకుంటుందని జర్మన్ వైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లోనే పుస్తకం రాశారు. అయితే ఎంత పని కావాలి? రూబిన్, లాన్యన్ అనే ఇద్దరు 1984లో కోడిపుంజు రెక్క ఎముకను మామూలు భారం నుంచి విడదీసి, రోజుకు కొన్నిసార్లు మాత్రం వంచి చూశారు. నాలుగుసార్లు వంచితే ఎముక తరగడం ఆగింది. 36 సార్లు వంచితే కొత్త ఎముక పుష్కలంగా పడింది. వందలసార్లు వంచినా అంతకు మించి లాభం లేదు. ఎముకకు కావలసింది పడి ఉన్న బరువు కాదు, పడుతూ లేస్తూ ఉండే బరువు. భారం లేకపోతే ఏమవుతుందో అంతరిక్షానికి పోయినవాళ్ళు చెబుతారు. వాళ్ళ తుంటి ఎముక నెలకు ఒక శాతం, ఒకటిన్నర శాతం కరిగిపోతుంది.

ఒక జిల్లా, రెండు రకాల రాళ్ళు

ఫ్లోరైడ్ కథ నేల అడుగున రాయితో మొదలవుతుంది, ఉమ్మడి నల్గొండలో ఆ రాయి రెండు రకాలు. ముందు సున్నపురాయి వైపు చూద్దాం. పాలకీడు మండలం 2016 జిల్లాల పునర్విభజనలో ఏర్పడింది. అంతకు ముందు అది నేరేడుచర్ల మండలంలో, ఉమ్మడి నల్గొండ జిల్లాలో భాగం. ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉంది. కృష్ణా, మూసీ కలిసే వాడపల్లి ఇక్కడికి చేరువ. పాలకీడు, హుజూర్‌నగర్, మట్టంపల్లి, మేళ్ళచెరువు వైపు నేల అడుగున సున్నపురాయి ఉంది కాబట్టే సిమెంటు కర్మాగారాలు వచ్చాయి. పైన నాగార్జున సాగర్ ఎడమ కాలువ నీరు, వరి, ఆ వడ్లు పట్టే మిర్యాలగూడ రైసు మిల్లులు.

ఉమ్మడి జిల్లా పడమటి భాగం కథ వేరు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చౌటుప్పల్ వైపు అడుగున గ్రానైట్. ఆ రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ కొద్దికొద్దిగా నీటిలోకి దిగుతుంది. నీటిలో కాల్షియం సమృద్ధిగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి అడుగున పేరుకుంటుంది. కాల్షియం తక్కువైన, క్షారం ఎక్కువైన నీటిలో కరిగే ఉండిపోతుంది. వానలు తక్కువ, బోర్లు లోతు, ఎండలో కూలిపని వల్ల తాగే నీళ్ళు ఎక్కువ. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన దేశ ప్రమాణం కోరేది ఒక మిల్లీగ్రాము లోపు.

ఫ్లోరైడ్ మితిమీరితే వచ్చే ఎముకల జబ్బే ఫ్లోరోసిస్. మన దేశంలో దీన్ని మొదట వైద్య పత్రికల్లో వర్ణించింది తెలుగు నేల నుంచే. హెచ్.ఇ. షార్ట్ బృందం 1937లో నాటి నెల్లూరు జిల్లా రోగుల గురించి రాసింది. నల్గొండ జిల్లా రోగుల గురించి ఎ.హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఫ్లోరైడ్‌ను తొలగించడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించిన పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు స్థిరపడింది. నీటిలో సున్నం, పటిక, బ్లీచింగ్ పొడి కలిపి, తేరనిచ్చి వడపోయడమే ఆ పద్ధతి. ఒక ఊరి పేరు జబ్బు వల్ల ప్రపంచానికి తెలియడం గొప్పేమీ కాదు, కానీ విరుగుడుకు కూడా ఆ పేరే దక్కింది.

ఫ్లోరైడ్ చేసే పని

ఒంట్లో నిలిచే ఫ్లోరైడ్‌లో దాదాపు అంతా ఎముకల్లో, పళ్ళలోనే ఉంటుంది. ఎముక ఖనిజంలో హైడ్రాక్సిల్ ఉండాల్సిన చోట ఫ్లోరైడ్ కూర్చుంటుంది. ఇంతవరకే అయితే ఇది రసాయన శాస్త్రం కథ. అసలు విశేషం కణంలో ఉంది. ఫ్లోరైడ్ ఆస్టియోబ్లాస్టులను విభజన చెందేలా ప్రేరేపిస్తుందని ఫార్లీ, వెర్గెడాల్, బేలింక్ 1983లో చూపించారు. దీనికి రెండు వివరణలు ప్రచారంలో ఉన్నాయి. టైరోసిన్ మీది ఫాస్ఫేట్‌ను ఊడదీసే ఒక ఫాస్ఫటేజును ఫ్లోరైడ్ మొద్దుబారుస్తుందని, దాంతో వృద్ధి కారకం ఇచ్చిన కబురు ఆగాల్సిన వేళకు ఆగక మోగుతూనే ఉంటుందని మొదటిది. ఫ్లోరైడ్ అల్యూమినియంతో జతకట్టి ఫాస్ఫేట్ వేషం వేసుకుని, కణంలో కబురు మోసే జీ ప్రోటీన్లను మేల్కొల్పుతుందని రెండోది. ఏది పట్టుకున్నా తేలేది ఒక్కటే. ఫ్లోరైడ్ తాను వృద్ధి కారకం కాదు, కానీ దాని గొంతును అనుకరిస్తుంది.

ఇక్కడే అమెరికా వైద్యులు ఒక ఆశ పెట్టుకున్నారు. ముసలితనంలో ఎముకలు గుల్లబారిన ఆడవాళ్ళకు ఫ్లోరైడ్ ఇస్తే ఎముక పెరుగుతుంది కదా అనుకున్నారు. మేయో క్లినిక్‌లో లారెన్స్ రిగ్స్ బృందం 202 మందితో నాలుగేళ్ళు పరీక్షించి 1990లో ఫలితం ప్రకటించింది. రోజుకు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్‌తో నడుము వెన్నుపూసల సాంద్రత 35 శాతం పెరిగింది. కానీ వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. మిగతా ఎముకలు విరగడమైతే మూడింతలైంది. స్కానింగ్ యంత్రం చూసేది సరుకు ఎంతుందని. ఎముక బలం అది ఏ తీరున అల్లుకుందన్న దానిమీద ఆధారపడుతుంది. బలం గీసిన ముగ్గు లేకుండా పోగుపడిన ఎముక కంకర కుప్ప లాంటిది, గోడ కాదు. ఎముకల వైద్యంలో ఇంత విలువైన ఓటమి మరొకటి లేదని నా అభిప్రాయం.

ముదిరిన ఫ్లోరోసిస్‌లో జరిగేది ఇదే, ఒక తరం పొడవునా. వెన్నుపూసలు సుద్దముక్కల్లా తెల్లగా, దట్టంగా ఎక్స్‌రేలో కనిపిస్తాయి. స్నాయువులు, ఎముకలను కట్టే పట్టీలు ఎముకను పట్టుకునే చోట, అంటే ఎప్పుడూ లాగుడు పడే చోట, సున్నం చేరి ముళ్ళలా పెరుగుతాయి. ముంజేతి రెండు ఎముకల మధ్యనున్న పొర గట్టిపడటం వైద్యులు ముందుగా వెతికే గుర్తు. చివరకు వెన్ను కర్రలా బిగుసుకుంటుంది. పక్కకు చూడాలంటే మెడ తిప్పలేక మనిషి మొత్తంగా తిరగాలి. పెరిగిన ఎముక వెన్నుపామును నొక్కితే కాళ్ళు పడిపోతాయి.

వంకరపోయిన మోకాళ్ళు

నాగార్జున సాగర్‌కు జవహర్‌లాల్ నెహ్రూ 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. కొన్నేళ్ళకే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఒక కొత్త రూపాన్ని గమనించారు. ఫ్లోరైడ్ ఊళ్ళలో ఎదిగే వయసు పిల్లలకు మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకుంటున్నాయి, పాదాలు ఎడంగా పడుతున్నాయి. వైద్యులు దీన్ని జెను వాల్గం అంటారు. కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో దీన్ని వర్ణించారు. ఈ పిల్లల్లో వెన్ను దట్టంగా ఉండగా కాళ్ళూ చేతుల ఎముకలు గుల్లబారి ఉండటం వింత.

జలాశయం వచ్చాక భూగర్భ నీటిమట్టం పెరిగి నేల క్షారత మారిందని, దాంతో జొన్నలోకి మాలిబ్డినం ఎక్కువగా చేరి ఒంట్లోని రాగిని బయటికి పంపేస్తోందని ఆ సంస్థ పరిశోధకులు ప్రతిపాదించారు. జొన్న తినే ఇళ్ళలోనే జబ్బు ఎక్కువగా కనిపించడం వాళ్ళకు దొరికిన ఆధారం. రాగి మాట వచ్చింది కాబట్టి చెప్పాలి: కొల్లాజెన్ పోగులను ఒకదానికొకటి కుట్టే లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము రాగి లేకుండా పనిచేయదు. కుట్టు వదులైతే అల్లిక బిగువు తగ్గుతుంది. ఆ బిగువునే కణం ఇంటిగ్రిన్లతో లాగి చూస్తుంది.

మోకాలు ఒకసారి వంగాక బలం తన పని తాను చేసుకుపోతుంది. పిల్లల ఎముక పొడవు పెరిగేది చివర్లలో ఉండే మృదులాస్థి పలకల వద్ద. నొక్కుడు ఎక్కువైన వైపు పలక నెమ్మదిగా, తక్కువైన వైపు వేగంగా పెరుగుతుందని 1862లో హ్యూటర్, ఫోక్‌మన్ అనే జర్మన్ వైద్యులు చెప్పారు. మోకాలు లోపలికి వంగితే ఒంటి బరువు మోకాలి వెలుపలి సగం మీదుగా దిగుతుంది. ఆ సగం నలిగి నెమ్మదిస్తుంది, లోపలి సగం ముందుకు పోతుంది, వంకర ఇంకా పెరుగుతుంది. వోల్ఫ్ చెప్పిన నియమం పెద్దవాళ్ళలో భారం పడిన చోట ఎముకను చేరుస్తుంటే, పిల్లల పలకలో మితిమీరిన భారం ఎదుగుదలను తొక్కిపెడుతుంది. బలం ఒకటే, వినే కణం మారితే అర్థం తలకిందులవుతుంది.

ఇదే నియమాన్ని తిప్పి వైద్యంగా వాడుతున్నారు. వేగంగా పెరుగుతున్న లోపలి వైపు పలకకు అటూ ఇటూ రెండు మరలతో చిన్న లోహపు పట్టీ బిగిస్తారు. ఆ వైపు ఆగుతుంది, వెలుపలి వైపు మెల్లగా అందుకుంటుంది, కాలు నిటారవుతుంది. పట్టీని తర్వాత తీసేస్తారు. ఎముకను కోసి అతికే పని ఉండదు. పలకలు మూసుకుపోకముందే ఇది చేయాలి. ఆడపిల్లలకు దాదాపు 14, మగపిల్లలకు 16 ఏళ్ళు దాటితే పలకలు మూసుకుంటాయి.

మందులు, నీళ్ళు

ఎముక కట్టమనే సంకేతాన్ని సహజ మార్గంలో అందించే మందులు ఇప్పుడు వచ్చాయి. స్క్లెరోస్టిన్‌ను అడ్డుకునే రోమోసోజుమాబ్‌ను అమెరికాలో 2019లో అనుమతించారు. వ్యాయామం చేసిన ఎముకలో కణాలు తమంతట తాము చేసే పనినే ఆ మందు చేస్తుంది. మరుగుజ్జుతనంలో పట్టేసిన బ్రేకును సడలించే వోసోరిటైడ్ 2021లో వచ్చింది. ఫ్లోరోసిస్‌కు మాత్రం మందు లేదు. ఎముకలో చేరిన ఫ్లోరైడ్, ఆ ఎముక కూలి మళ్ళీ కట్టినప్పుడే కొంచెం కొంచెంగా వదులుతుంది, మూత్రపిండాలు దాన్ని బయటికి పంపుతాయి. ఏళ్ళు పడుతుంది. బిగుసుకున్న వెన్ను తిరిగి వంగదు.

కాబట్టి నివారణ అంటే నీరు మార్చడమే. ఇంటింటికీ తాగునీరు అందించే తెలంగాణ పథకం మిషన్ భగీరథ తొలి పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లో కట్టింది ఈ కారణంగానే. కృష్ణా నీరు గొట్టాల్లో వచ్చాక 2020 నాటి కేంద్ర ప్రభుత్వ లెక్కల్లో తెలంగాణలోని ఫ్లోరైడ్ ఆవాసాల సంఖ్య సున్నాకు చేరింది. ఆ లెక్కను ఇంటి దగ్గరే సరిచూసుకోవచ్చు. ముందుపళ్ళ పింగాణీ పొర బిడ్డ పుట్టిన తొలి నాలుగైదేళ్ళలో తయారవుతుంది, ఆ పళ్ళు ఏడెనిమిదేళ్ళకు పైకి వస్తాయి. ఎనిమిదేళ్ళ పిల్లవాడి కొత్త ముందుపళ్ళమీద సుద్ద చారలు, గోధుమరంగు మచ్చలు లేకపోతే, ఆ తొలి ఏళ్ళలో వాడు తాగినవి మంచినీళ్ళే.